ఐదో పలక

పోయిన నెల మైదుకూరు నుంచి వస్తుంటే దువ్వూరు దగ్గర బస్సు చెడిపోయింది. ఇంకో బస్సు వచ్చేదాకా కూర్చుందామని రోడ్డు పక్కనున్న టీ అంగడికి పోయాను. అంగడి ముందు రెండు బండల మీద పాత టేకు పలక ఒకటి వేసి బల్ల చేసుకున్నారు. కూర్చోబోతూ కిందికి చూశాను. పలక కొసన తెల్లరంగుతో రాసిన తెలుగు అంకె, అరిగిపోగా సగం మిగిలి కనిపించింది. ఐదు.

"కూచ్చోప్పా, ఇరగదులే. శానా గట్టి పలక అది," అన్నాడు టీ అంగడాయన.

"యాడిదప్పా ఇది?"

"ఏమో. పాత సామాన్లోనితో తీసుకున్న్యా. తొమ్మిదుండె వాని కాడ. నాకు రెండిచ్చినాడు. ఇంగోదాని మీద లోపల పాలగిన్నెలు పెట్టినా."

నేను నిలబడే టీ తాగాను.

ఆ పలక ఏ అంగడిదో నాకు తెలుసు. ఆ అంగడాయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు ఆ బజారులో నా వల్ల చెడింది, మళ్లీ నా చేతితో రాయడానికి మనసు ఒప్పడం లేదు. ఊరి పేరు కూడా రాయను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బస్సుల్లో తిరిగినవాళ్లకు అది ఏ బజారో తెలిసిపోతుంది. మిగతావాళ్లకు తెలియకపోయినా నష్టం లేదు.

ఆయనది పలుపులు, పగ్గాలు, మోకులు, జీవాల మెడకు కట్టే గంటలు అమ్మే అంగడి. తొమ్మిదడుగుల వెడల్పు, పన్నెండడుగుల లోతు. లోపలికి పోతే జనపనార వాసనకు తుమ్ములు వచ్చేవి. ఆయన వంశంలో అందరూ గొర్రెలు కాచినవాళ్లే. ఈయన ఒక్కడే ఊళ్లోకి వచ్చి అంగడి పెట్టుకున్నాడు. అంగడిలో కూర్చున్నా చూపు మాత్రం మంద వెనక నడిచేవాడిదే. బజారులో ఎవరు ఎటు పోతున్నారో, ఎవరు ఎందుకు ఆగారో కళ్లెత్తకుండానే కనిపెట్టేవాడు.

తాడు అమ్మేముందు దాన్ని మోకాలి మీద వేసి రెండు చేతులా లాగి, ఒకసారి వాసన చూసేవాడు. గంటను ఎప్పుడూ ఊపి చూపించేవాడు కాదు. చెవి దగ్గర పెట్టుకొని, ఎడమ కన్ను మూసి, గోటితో తట్టేవాడు. కొనేవాళ్లు తమకు నచ్చింది ఎంచుకోవడానికి లేదు. ఏ గంట ఎవరికివ్వాలో ఆయనే చెప్పేవాడు.

ఒకసారి కొండాపురం పక్క నుంచి వచ్చిన ఒక గొర్రెలాయనతో జరిగిన మాటలు ఇవి. నేను అక్కడే ఉన్నాను.

"మామా, నాకు ఆ పెద్దది కావల్ల."

"యాడ మేపుతాండావు?"

"గుట్ట కింద. ఏరు పక్క."

"అయితే అది నీకు రాదు. ఆ గొంతు ఆ గుట్టకు ముందే ఇచ్చిన్యా."

"ఎవురికి ఇచ్చినావు?"

"నీకు తెలీనోనికిలే. ఇదో, ఇది కట్టు. ఆడపిల్ల పిలిచినట్టుంటాది."

గొర్రెలాయన నవ్వుకుంటూ పోయాక నా వైపు తిరిగాడు. "తెలిసినోనికే ఇచ్చిన్యా. వీళ్లూరికీ వాళ్లూరికీ పడదు. పొద్దుగూకే యాళకు రెండు మందలూ ఒకే సద్దు చేసినాయనుకో, జీవాలు కలిసిపోతాయి. జీవాలు కలిస్తే మనుషులు కొట్టుకుంటారు."

ఏ ఊరికి ఏ గొంతు పోయిందో అన్నీ ఆయన చెవిలోనే ఉండేవి.

ఇక పలకల సంగతి. అప్పటికే బజారులో చాలా అంగళ్లకు ఇనుప షట్టర్లు వచ్చాయి. ఆయన అంగడికి మాత్రం తొమ్మిది టేకు పలకలు, ఒక్కోదాని కొసన తెల్లరంగుతో రాసిన అంకె. కింద గడపరాతిలో, పైన దూలంలో గాడి ఉంటుంది. ఆ గాడి నడుమ ఒక్కచోటే తెరిచి ఉంటుంది కాబట్టి పలకలన్నీ అక్కడే దూర్చి అటు నాలుగు, ఇటు నాలుగు జరుపుకుంటూ పోవాలి. నడుమ మిగిలే ఖాళీలో ఐదో పలక. మూసేటప్పుడు అదే ఆఖరు, తీసేటప్పుడు అదే మొదలు.

అవి ఫ్యాక్షన్ రోజులు. జమ్మలమడుగు పక్క ఎవరినో నరికారని, పులివెందుల దారిలో జీపు ఆపారని కబురు వస్తే చాలు, బజారు మూతపడేది. కబురు నిజమో కాదో ఎవరూ ఆగి కనుక్కునేవాళ్లు కాదు. అందరూ పలకలంగడి వైపు చూసేవాళ్లు. ఆయన ఎనిమిది పలకలు వేసి ఐదోది చేత్తో పట్టుకొని నిలబడితే మిగతావాళ్లు షట్టర్లు సగం దించేవాళ్లు. ఐదోది కూడా వేశాడంటే తాళాలు పడేవి. మళ్లీ తెరవడానికీ అదే గుర్తు. "ఐదోది తీసినాడా?" అని ఒక అంగడి నుంచి ఇంకో అంగడికి అడిగేవాళ్లు. ఆయన్ను ఎవరూ పెద్దమనిషిగా ఎన్నుకోలేదు. ఆయన లెక్క ఎప్పుడూ తప్పలేదు, అంతే.

నేను ఆ ఖాళీలోంచే ఆయన్ను మొదట చూశాను. మునిసిపల్ ఆఫీసులో ప్లాన్లు గీసే పనికి టెంపరరీగా చేరిన కొత్త. మధ్యాహ్నం బజారులో నడుస్తుంటే ఎక్కడో ఢామ్మని శబ్దం వచ్చింది. చుట్టూ షట్టర్లు దిగాయి. నేను రోడ్డు నడుమే నిలబడిపోయాను.

"ఏమప్పా, సినిమా బొమ్మ మాదిరి నిలబడినావే. రా లోపలికి. పక్కకు తిరుగు. కడుపు పీల్చుకో."

చెయ్యి పట్టి లాగి ఐదో పలక వేశాడు. లోపల తాళ్ల చుట్టల మీద ఇద్దరు కూర్చొని ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూడటం లేదు. రెండు పార్టీల ఊళ్లవాళ్లని తెలియడానికి నాకు ఎక్కువ సేపు పట్టలేదు. ఆయన నార తెచ్చి ఒక కొస ఒకాయన చేతిలో, రెండో కొస రెండో ఆయన చేతిలో పెట్టాడు.

"ఊరికే కూచ్చుంటే ఏం జేస్తారు, పేనండి."

"వాని కొస ఎదురుగా నేను పట్టుకోను మామా."

"వాని కొస యాడిదిరా ఈడ? రెండు కొసలూ నాయే. గట్టిగా పట్టుకో, వదిలితే మెలి పోతాది."

వాళ్లు అరగంట పేనారు. నావి ఆఫీసు చేతులని నాకు చిక్కు తీసే పని ఇచ్చాడు. కాసేపటికి ఒకాయన, "వాడు సరిగ్గా తిప్పడంలా మామా," అన్నాడు. "ఆ మాట వానికే చెప్పు," అన్నాడు ఈయన. చెప్పాడు. అవతలాయన తిప్పడం మార్చుకున్నాడు. తరువాత ఆ తాడును "ఇది రెండు పార్టీల తాడప్పా, తెగదు," అని చెప్పి అమ్మేవాడు.

నాలుగేళ్ల తరువాత మా ఆఫీసు ఆ బజారును బాగుచేయాలని తలపెట్టింది. కొత్త బస్టాండు ఊరవతల కట్టాక బజారు డీలా పడిన మాట నిజమే. రోడ్డు వెడల్పు, రెండు పక్కలా కాలువలు, స్తంభాలకు దీపాలు, వీధి మొదట్లో 'ఆదర్శ బజారు' అని తోరణం. ప్లాను గీసింది నేను. రెండు పక్కలా చెరి ఐదడుగులు పోతాయి. అంగళ్లవాళ్ల సంతకాలు తెమ్మని నన్నే పంపారు. ఎవరిని అడిగినా ఒకటే మాట: "పలకలాయన పెడితే మేమూ పెడతాం."

"బజారును బతికిస్తామంటాన్నారంట. సచ్చిపోయిందని ఎవురు చెప్పినారు మీకు?" అన్నాడాయన.

"డీలా పడింది కదా మామా."

"డీలా పడితే నీళ్లు తాపల్ల. జీవాలు తోలుకొని వచ్చినోళ్లు ఎండపొద్దు నీళ్లకు యాడికి పోవల్ల? నీ ప్లానులో ఈడ ఒక తొట్టి గీయి."

అక్కడికక్కడే పెన్సిలుతో ఆయన అంగడి ముందు ఒక చిన్న వృత్తం గీసి 'నీళ్ల తొట్టి' అని రాశాను. ఆయన దాన్ని వేలితో తడిమి, "ఇంగ కొంచెం పెద్దది," అన్నాడు. పెద్దది చేశాను.

అయినా సంతకం పెట్టలేదు. కొత్త తాడు ఒకటి తీశాడు.

"నీ టేపు ఆఫీసుది. ఈ తాడు నాది. రెండూ ఒకమాట చెప్తే పెడతా."

ఇద్దరం కొలిచాం. బజారంతా చూస్తుండగా ఒక కొస నేను, ఒక కొస ఆయన. ఐదడుగుల దగ్గర ముడివేసి, ముడికి ఎర్రగుడ్డ పీలిక కట్టాడు. తరువాత తన వరసలో ప్రతి అంగడికీ ఆ తాడు తీసుకుపోయి గోడకు ఆనించి చూపించాడు. "ఇదో, ఈ ముడి దాకా. దీన్ని దాటి రారు. పిల్లోడు నాతోపాటు కొలిచినాడు." ప్లాను నకలు ఒకటి కావాలని అడిగాడు. కింద నా సంతకం చేసి ఇచ్చాను. మొదటి సంతకం ఆయనది. సాయంత్రానికి బజారంతా సంతకాలు చేసింది.

ఎదురు వరసలో అధికార పార్టీ నాయకుడి బామ్మర్ది రెండంతస్తుల మేడ కట్టుకున్నాడు. ఐదడుగులు తీస్తే మేడ మెట్లు పోతాయి. పది రోజుల తరువాత మా పైఅధికారి నన్ను గదిలోకి పిలిచి తలుపు వేయమన్నాడు. గీత జరపాలి. ఆ పక్క ఏమీ పోకూడదు, ఈ పక్క నుంచి పదడుగులు పోవాలి.

"మరి సంతకాలు?" అన్నాను.

"సంతకాల కాగితం వేరే, ప్లాను వేరే. రెంటికీ ఒక గుండుసూది కదా ఉండేది. సూది తియ్యి, ప్లాను మార్చు, మళ్లీ గుచ్చు. నీ పర్మనెంటు ఫైలు నా బల్ల మీదే ఉంది."

చాలా ఏళ్లు నాకు నేను భయపడ్డానని చెప్పుకున్నాను. ఆ రోజుల్లో ఎవరికి భయం లేదు? కాని భయం సగమే. మిగతా సగం ఆ ఫైలు. ఆ సూది తీసింది నేనే. కొత్త గీత గీసింది నేనే. నీళ్ల తొట్టి గీయాల్సిన చోట ఇప్పుడు రోడ్డు ఉంది కాబట్టి దాన్ని గీయలేదు.

ఈ వరస గోడల మీద పదడుగుల దగ్గర ఎర్రరంగు గుర్తులు పడ్డాయి. ఆయన అంగడి లోతు పన్నెండు, పోయేది పది. అయినా అందరి కోపం ఆయన మీదికే తిరిగింది. ముడి తాడు తెచ్చి మాట ఇచ్చినవాడు ఆయన. మొదటి సంతకం ఆయనది. మునిసిపాలిటీ కొత్తగా కట్టబోయే షాపుల కాంప్లెక్సులో ఆయనకు పెద్ద గది రాసిచ్చారని, అందుకే అందరినీ అమ్మేశాడని ఎవరో పుట్టించారు. ఎవరు పుట్టించారో నాకు తెలుసు. మా ఆఫీసు గుమ్మంలోంచే ఆ మాట బయటికి పోయింది.

పక్కన బట్టలంగడి శెట్టి నా దగ్గరికి వచ్చాడు.

"ఉన్నదున్నట్టు చెప్పప్పా. ఈ గీత చూపించే ఆయప్పతో సంతకం తీసుకున్న్యావా?"

"సంతకం ఆయనదే కదా శెట్టిగారూ," అన్నాను.

ఆ మాటలో అబద్ధం లేదు. శెట్టి తలవంచుకొని పోయాడు. పలకలాయన్ను కూడా నేరుగా అడిగినవాళ్లున్నారు. వాళ్లకు ఆయన ఇచ్చిన జవాబు, "సంతకం నాదే." ఇంకో మాట కలపలేదు. నకలు తీసి చూపిస్తాడేమో అని నేను ప్రతి పూటా ఆ అంగడి వైపు చూస్తూ ఉన్నాను. చూపించలేదు.

తరువాతి వారమే పక్క ఊళ్లో ఏదో జరిగిందని కబురు వచ్చింది. నేను కొలతలకని బజారులోనే ఉన్నాను. ఆయన ఎప్పటిలాగే పలకలు వేయడం మొదలుపెట్టాడు. అటు నాలుగు, ఇటు నాలుగు. ఐదోది చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. షట్టర్లన్నీ పూర్తిగా దిగిపోయాయి. ఎవరూ ఆయన వైపు చూడలేదు. గంట గడిచింది. దారిలో మనుషులు తిరుగుతున్నారు. ఆయన ఎనిమిది పలకలూ తీసి గోడకు ఆనించి, గడప మీద నిలబడి బజారును చూశాడు. ఒక్క షట్టరు లేవలేదు. ఆయన ఎడమ కన్ను మూసి, తల కొద్దిగా వంచి, గంట వినేటప్పటిలాగా నిలబడ్డాడు. తరువాత లోపలికి పోయి కూర్చున్నాడు. ఆ బజారులో ఆ పూట తెరిచి ఉన్న అంగడి అదొక్కటే.

నకలు ఒకటి ఆయన దగ్గర ఉందని మా అధికారికి తెలిసింది. తెమ్మని నన్నే పంపాడు. ఇవ్వడేమో, తిడతాడేమో, నలుగురిలో నిలబెడతాడేమో అని దారంతా అనుకుంటూ పోయాను.

ఆయన గంటలు ఒక్కొక్కటే పాత గుడ్డలు చుట్టి గోనెసంచిలో వేస్తున్నాడు.

"ఏమప్పా, ఎండన పడి వచ్చినావు. నీళ్లు తాగు."

తాగాను. గ్లాసు కింద పెట్టాను. ఆయనే గల్లాపెట్టె కింద నుంచి మడతపెట్టిన నకలు తీశాడు.

"దీనికేనా వచ్చింది?"

"అవును మామా."

"తొట్టి యాడ గీసినావో చూపించు ఒకసారి."

చూపించాను. ఆయన చాలాసేపు ఆ వృత్తాన్నే చూశాడు.

"ఒకటి అడగతా, చెప్పు. ఆ పొద్దు నాతోపాటు తాడు పట్టుకున్న్యావే, అప్పుటికే నీకు తెలుసునా?"

"లేదు మామా. మా అమ్మ మీద ఒట్టు."

"ఒట్టెందుకులే. అడిగినా, చెప్పినావు." కాగితం మళ్లీ మడతల్లోనే మడిచి నా చేతిలో పెట్టాడు. "తీసకపో."

"మామా, ఇది చూపిస్తే బజారోళ్లకు..."

"ఇన్నేండ్లు నన్ను సూసి తలుపులు తీసినోళ్లకు ఇంగ కాగితం చూపీల్నా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా నన్ను అడుగుతున్నట్టే అన్నాడు. తరువాత గంటల వైపు తిరిగాడు. "పో నాయనా. ఈడ నిలబడితే నిన్ను గూడా అంటారు."

ఆ కాగితాన్ని చించేశానని ఆఫీసులో చెప్పాను. చించలేదు. చూపించనూ లేదు. నెలలోపు నా ఉద్యోగం పర్మనెంటు అయింది. గోడలు కూల్చే రోజు సెలవు పెట్టాను. ఆయన ఊరు విడిచిపోయిన సంగతి తరువాత విన్నాను. ఎవరికీ చెప్పి పోలేదట.

దువ్వూరు నుంచి వచ్చాక మూడు రోజులు నిద్ర పట్టలేదు. నాలుగో రోజు పొద్దున ఆ కాగితం తీసుకొని బజారుకు పోయాను. తోరణం మీద 'ఆదర్శ' ఊడిపోయి 'బజారు' మిగిలింది. శెట్టి ముసలివాడయ్యాడు, అంగడి లోపలికి జరిగి చిన్నదయింది. కాగితం ఆయన ముందు పరిచి జరిగిందంతా చెప్పాను. సూది, గీత, ఫైలు, నేను అన్న మాట, అన్నీ. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని చూశాడు.

"ఇదేంది, ఈ సున్న?"

"నీళ్ల తొట్టి. ఆయన పెట్టించుకున్నది."

శెట్టి కళ్లద్దాలు తీశాడు. "ఆయప్ప కాలం జేసి ఏడాదైందంట. కొండాపురం కాడ, డ్యాము నీళ్లలో మునిగినూర్లోళ్ల కాలనీలో, కూతురింట్లో."

"మీరు పోయినారా?"

"బజారోళ్లం ఎవురమూ పోలా."

"ఇప్పుడైనా అందరికీ తెలియాలి శెట్టిగారూ. ఆయన అమ్మలేదు."

ఆయన నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు మరచిపోలేను.

"మాకు తెలీదనుకున్న్యావా? ఆ నెల్లోనే తెలుసప్పా. అమ్మినోడైతే ముందు వాని అంగడి పోతాదా? ఎవుర్ని అనాల మేము? ఆ మేడోళ్లనంటే బాంబు. మీ ఆఫీసునంటే లైసెన్సు. ఎవురినో ఒకర్ని అనకపోతే కడుపు మంట ఆరదు. ఆయప్పనంటే ఏమీ చేయడని తెలుసు. అన్న్యాం."

ఇన్నేళ్లూ ద్రోహి నేనొక్కడినే అనుకొని బతికాను. అందులో నాకు తోడు ఒక బజారు ఉందని ఆ పూట తెలిసింది. తెలిసినంత మాత్రాన నా వంతు తగ్గలేదు. పైగా నేను ఇచ్చిన ఆ ఒక్క జవాబే వాళ్లందరికీ సాకయింది. కాగితం శెట్టి నా వైపు జరిపాడు. ఉంచుకోమన్నాను, వద్దన్నాడు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆయన సంతకం చేసిన గీత రెండు పక్కలా ఐదడుగులది. ఆ గీతను మార్చింది నేను. ఆయన ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. ఆ నకలు నా దగ్గర ఉంది, ఎవరు వచ్చినా చూపిస్తాను.

ఆ రోజు శెట్టి అంగడిలోంచి లేవబోతుండగా వీధి చివర ఢామ్మని పెద్ద శబ్దం వచ్చింది. వెంటనే ఇంకోటి. శెట్టి చెయ్యి పైకి పోయి షట్టరు అంచు పట్టుకుంది. పక్కన మందుల అంగడి ముసలాయన గడపలోకి వచ్చాడు. ఎదురు వరస నుంచి పాత్రల అంగడాయన బయటికి వచ్చాడు. ముగ్గురి తలలూ ఒకే వైపు తిరిగాయి. నాదీ తిరిగింది. అక్కడ, పలకలంగడి ఉండిన చోట, పదడుగులు రోడ్డులో కలిసిపోగా మిగిలిన రెండడుగుల్లో ఒక కరెంటు స్తంభం ఉంది.

మేళం సద్దు దగ్గరయింది. మూల తిరిగి పెళ్లి ఊరేగింపు వచ్చింది. ముందు నడుస్తున్నవాళ్లు ఇంకో టపాసు ముట్టించారు.

"పెండ్లిదిలే," అన్నాడు శెట్టి. షట్టరు మీద నుంచి చెయ్యి మాత్రం తీయలేదు. స్తంభం వైపే చూస్తున్నాడు.